ఇతర కారణాలు

ఫిబ్రవరి. ఈసాల్మిలో మైనస్ ఇరవై రెండు.
ఆరోగ్య కేంద్రం వరండాలో మూడు మీటర్లు కొలిచి
నేలకు పసుపు టేపు అంటించాను.
ఒక చివర కుర్చీ. ఇంకో చివర ఏమీ లేదు.
"లేవండి, గీత దాకా నడవండి, తిరగండి, వచ్చి కూర్చోండి."
రోజుకు తొమ్మిది మందికి ఇదే మాట.
ఒకసారి నిద్రలో మా ఆయనకు కూడా చెప్పానట.

ఓన్ని కర్వోనెన్, ఎనభై మూడేళ్ళు.
బూట్లు విప్పి గోడవారగా జతగా పెట్టాడు.
ఊలు మేజోళ్ళకు మడమల దగ్గర వేరే రంగు దారం.
పద్నాలుగు సెకన్లు.
పన్నెండు దాటితే మా పట్టికలో ఎర్ర గడి.

"కాస్త నెమ్మదిగా నడిచారు" అన్నాను, తప్పు పట్టినట్టు కాకుండా.
"నలభై ఏళ్ళు సరస్సు మీద మంచుదారి చూసుకున్నాను.
గునపంతో తట్టి, వినాలి.
అడుగు వేసి, వినాలి.
గబగబా నడిచేవాడొకడు ఉండేవాడు, పావో.
ఏప్రిల్లో దొరికాడు."
నవ్వాలో వద్దో తెలియక
స్టాప్‌వాచ్‌ని సున్నాకి తెచ్చాను.

చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేవమన్నాను.
కట్టుకోలేదు.
చేతులు ముందుకు చాచి, అరచేతులు పైకి తిప్పి
గాలిలో ఎవరినో మోస్తున్నట్టు లేచాడు,
ఐదుసార్లూ, పదకొండు సెకన్లలో.
అరవై ఏళ్ళవాళ్ళు ఆయాసపడే పని అది.
నియమం ప్రకారం చెల్లదు.
"చెల్లదు" అని రాశాను, పెన్సిల్‌తో.

తొడకు అగ్గిపెట్టెంత యంత్రం అంటించి పంపాను.
వారం తర్వాత అది చెప్పిందంతా తెర మీద పరుచుకుంది.
పగళ్ళన్నీ చదును: కూర్చోవడం, కాస్త నడక, మళ్ళీ కూర్చోవడం.
రాత్రులు మాత్రం
ఒంటిగంట పదికి లేచాడు. మూడు పదికి. ఐదు పదికి.
లేచిన ప్రతిసారీ నాలుగు నిమిషాలు నిలబడే ఉన్నాడు,
ఏడు రాత్రులూ, రైళ్ళ వేళల్లాగ.
ముసలి మూత్రాశయానికి అంత క్రమశిక్షణ ఉండదు.
యంత్రం చెడిందేమోనని తంపెరేకి ఫోన్ చేశాను.
బాగానే ఉందన్నారు.

ఇరవై ఆరో ప్రశ్న: రాత్రి లేవడానికి కారణం.
మూత్రం. నొప్పి. నిద్రలేమి. ఇతర.
"దేనికి టిక్కు పెట్టను?" అన్నాను.
"హెల్వి" అన్నాడు.

ఆరేళ్ళుగా మంచం మీద ఉంది.
కుడి పక్కకి రెండు గంటలు, వెల్లకిలా రెండు, ఎడమకి రెండు.
"మీలాంటి అమ్మాయే నేర్పింది.
చేతులతో ఎత్తకు, తొడలతో ఎత్తు అంది.
పేరు మరిచిపోయాను. ముక్కు మీద మచ్చ ఉండేది."
అలారం పెట్టుకుంటారా అంటే
మొదటి ఏడాది పెట్టుకున్నాడట.
ఆ తర్వాత, కాళ్ళ కింద మంచు పలికినట్టే,
ఆమె ఊపిరి మారడం వినిపిస్తుందట.
"ఇప్పుడు దగ్గర ఎవరున్నారు?"
"పక్కింటి మిర్యా. పదిన్నర దాకా."
గోడ గడియారం పదీ పన్నెండు.

మా పరిశోధనకు పొడుగాటి పేరుంది,
అందులో కదలిక అనే మాట రెండుసార్లు వస్తుంది.
ఒక మనిషి కదలికను ఆ మనిషి ఖాతాలోనే వేస్తాం.
ఆ నాలుగు నిమిషాల్లో కదిలింది ఎవరు?
'ఇతర' పక్కన అర అంగుళం జాగా.
నా చేతిరాత పెద్దది.

తొందరగా టేపు లాగాను, క్షమించండి అంటూ.
తొడ మీద యంత్రం ఉన్నచోట నలుచదరంగా ఎరుపు.
నేను చెయ్యి చాచేలోపే
అతను వేలితో దాన్ని నొక్కి పట్టి, వదిలి,
తెల్లబడి మళ్ళీ ఎర్రబడేదాకా చూశాడు.
మాకు మొదటి ఏడాదే నేర్పుతారు ఇది:
నొక్కితే తెల్లబడని ఎరుపు పుండుకు మొదలు.

"భయం లేదు" అన్నాడు నాతో,
నర్సుతో,
బూట్ల కోసం వంగుతూ.